డిసెంబరులో ఇంటివాళ్లకూ ప్రార్థనకూ ముందే చోటు పెట్టుకోవడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఊపిరి సలపదు. సండే స్కూలు నాటిక రిహార్సల్స్, ఆఫీసులో సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే జరుపుకునే క్రిస్మస్ కూటం), కాలనీలో సెమీ క్రిస్మస్, స్త్రీల సమాజం వాళ్లది ఇంకొకటి, టైలరు దగ్గర ఇంకా కత్తెర పడని బట్టలు, ఇంటికి సున్నాలు, పిండివంటలు, రాత్రుళ్లు క్యారల్స్ రౌండ్లు. 24 అర్ధరాత్రి ఆరాధన, తెల్లారితే మళ్లీ ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ, ఆపైన ఇల్లంతా నిద్ర. ఊరి నుంచి వచ్చిన అన్నయ్యతో పది నిమిషాలు నిమ్మళంగా మాట్లాడనే లేదని ఆయన బస్సెక్కాక గానీ గుర్తు రాదు.

పనులన్నీ తెమిలాక మిగిలిన సమయం మనుషులకు ఇద్దామనుకుంటే మిగిలేదేమీ ఉండదు. కాబట్టి వరుస తిరగేయాలి: ముందు మనుషులు, ప్రార్థన, మిగతావన్నీ వాటి చుట్టూ. అది ఎలా చేయాలో నవంబరు చివరి వారం నుంచి చూద్దాం.

1. నవంబరు చివరి వారం: ఒక కాగితం, ఒక గంట

డిసెంబరు క్యాలెండరు కాగితం ఒకటి డైనింగు టేబుల్ మీద పెట్టి ఇంట్లో అందరూ కూర్చోండి. ఫోన్లో క్యాలెండరు ఈ పనికి పనికిరాదు, ఎవరి ఫోన్లో ఉన్నది వాళ్లకే కనిపిస్తుంది. కాగితమైతే ఫ్రిజ్ తలుపు మీద అతికించొచ్చు, నాయనమ్మ కూడా చూస్తుంది.

ముందుగా మన చేతిలో లేని తేదీలు రాయండి. మన వీధికి క్యారల్స్ ఏ రాత్రి వస్తాయి, సండే స్కూలు కార్యక్రమం ఎప్పుడు, 24 రాత్రి, 25 పొద్దున ఆరాధనలు ఎన్నింటికి అన్నవి సంఘ పెద్దల్ని అడిగితే నవంబరులోనే చెప్తారు. ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే వారాలు, పాటించే సంఘమైతే ఆ నాలుగు ఆదివారాలు గుర్తు పెట్టండి. నవంబరు 30కి ఏ ఆదివారం దగ్గరగా ఉంటే అదే మొదటిది. 2026లో అయితే నవంబరు 29, డిసెంబరు 6, 13, 20. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు చాలావరకు ఈ లెక్క పాటించవు. అయినా వారానికొక సాయంత్రం అని పెట్టుకోవడానికి ఎవరికైనా ఇది అనువుగా ఉంటుంది.

రెండోది, పేర్లు. 'బంధువులందరినీ కలవాలి' అని రాస్తే ఎవరినీ కలవరు. అయిదు పేర్లు చాలు: ఈ ఏడు భర్త పోయిన పిన్ని, హాస్టల్లో ఉండి ఇంటికి రాలేకపోతున్న మేనల్లుడు, మాటలు తెగిపోయిన బాబాయి, మంచం పట్టిన పాత సండే స్కూలు టీచరు, ఇంట్లో పని చేసే అమ్మాయి. ఒక్కో పేరు పక్కన ఒక తేదీ. తేదీ లేని పేరు కొట్టేసినట్టే.

మూడోది, సెమీ క్రిస్మస్‌ల లెక్క. పిలుపులు ఆరేడు వస్తాయి. ఇంటి మొత్తానికి మూడు అని గీత గీయండి. మిగతావాళ్లకు ముందే ఫోన్ చేసి 'ఆ రోజు కుదరదండీ, 26న ఇంటికొస్తాం' అంటే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకునేది వస్తామని చెప్పి రానప్పుడు. కేకు కోసి ఫోటో దిగి వచ్చేసే కూటాలే ముందు వదులుకోవాల్సినవని మా అభిప్రాయం.

సెలవులు, ప్రయాణాలు కూడా ఈ కాగితం మీదే. తెలంగాణ ప్రభుత్వం 26ను కూడా సాధారణ సెలవుగా ఇస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో అది ఐచ్ఛిక సెలవు. అందుకే ఒక ఇంట్లో అన్నాదమ్ములు హైదరాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు ఉంటే సెలవు దరఖాస్తు ముందు పెట్టాల్సింది విజయవాడ ఆయన. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంటే డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు 24న. అది దాటిపోయుంటే తత్కాల్: ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పొద్దున 10కి, స్లీపరుకు 11కి. పండక్కి తత్కాల్ మీద పెద్దవాళ్ల ప్రయాణం పెట్టుకోకండి. సంక్రాంతికి ఎలాగూ వస్తాం కదా అని క్రిస్మస్ ప్రయాణం మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా అనుకుంటే ఆ మాట అమ్మానాన్నలకు నవంబరులోనే చెప్పేయండి. 24 సాయంత్రం దాకా వాళ్లు గేటు వైపు చూస్తూ కూర్చోకూడదు.

2. కుటుంబ ప్రార్థన: 15 నిమిషాలు, అంతకు మించొద్దు

డిసెంబరు 1న ఉత్సాహంగా మొదలై 6కో 7కో ఆగిపోయే పని ఇది. ఆగిపోవడానికి కారణం భక్తి తగ్గడం కాదు, ప్రార్థన నలభై నిమిషాలకు సాగడం. తాతగారు లోకంలోని దేశాలన్నిటి కోసం ప్రార్థించి ఆమెన్ అనేలోపు పిల్లలు గోడకు ఆనుకుని నిద్రపోతారు. కాబట్టి కొలత పెట్టుకోండి: పాటకు 3 నిమిషాలు, వాక్యానికి 4, మాటలకు 4, ప్రార్థనకు 4. తాతగారికి రోజూ కాకుండా ఆదివారం పూర్తి ప్రార్థన అప్పగిస్తే ఆయన మర్యాదా నిలుస్తుంది, మిగతా ఆరు రోజులూ గట్టెక్కుతాయి.

వేళ భోజనానికి ముందు పెట్టుకోండి. భోజనం తర్వాత అనుకుంటే ఒకరు గిన్నెల దగ్గర, ఒకరు ఫోన్లో, ఒకరు మంచం మీద ఉంటారు. ఆకలి అందరినీ ఒకచోటికి తెస్తుంది, ప్రార్థన సాగదీయకుండానూ చూస్తుంది.

ఏం చదవాలి? లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి గనుక రోజుకొకటి చొప్పున 24కు పూర్తి చేయమని చాలామంది చెప్తారు. లెక్క బాగానే కుదురుతుంది, ఇంట్లో మాత్రం నడవదు. మొదటి అధ్యాయమే 80 వచనాలు, తొలిరోజే పిల్లలు జారుకుంటారు. పైగా 24 రాత్రి చదివేది పునరుత్థానం అవుతుంది, జననం కాదు. దానికి బదులు వారానికి అయిదు చిన్న భాగాలు పెట్టుకోండి, రెండు రోజులు తప్పినా ఫరవాలేదు.

మొదటి వారం ప్రవచనాలు: యెషయా 7:10–14, 9:1–7, 11:1–10, 40:1–11, మీకా 5:2–5.

రెండో వారం లూకా మొదటి అధ్యాయం ముక్కలుగా: 5–25 జెకర్యా, 26–38 మరియకు దూత మాట, 39–56 ఎలీసబెతు ఇల్లు, 57–66 యోహాను పుట్టుక, 67–80 జెకర్యా స్తుతి.

మూడో వారం: మత్తయి 1:1–17, 1:18–25, యోహాను 1:1–14, ఫిలిప్పీ 2:5–11, గలతీ 4:4–7. మత్తయిలోని వంశావళి విసుగు అని దాటేయకండి. అందులో ఆడవాళ్ల ప్రస్తావన ఎక్కడెక్కడ వచ్చిందో వెతకమని పిల్లలకు చెప్పండి. తామారు, రాహాబు, రూతు, పేరు చెప్పకుండా ఊరియా భార్య, చివర మరియ. అయిదుగురు దొరికేదాకా వదలరు. ఊరియా భార్య పేరు ఎందుకు రాయలేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రాత్రి నాలుగు నిమిషాలు పది అయినా పోనివ్వండి.

24 రాత్రి గుడికి బయల్దేరే ముందు లూకా 2:1–20 మొత్తం ఒకరే, నెమ్మదిగా. అందాకా ఆ భాగం తాకకుండా ఉంచితే ఆ రాత్రి దాని బరువు తెలుస్తుంది. సుమెయోను, ప్రవక్త్రి అన్న, జ్ఞానులు, ఐగుప్తు ప్రయాణం, అంటే లూకా 2:21–40, మత్తయి 2, పండుగ తర్వాతి వారానికి.

తప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మన బైబిలులోని 'యెను', 'చున్నాడు' భాష నోరు తిరగదు. నలుగురిలో చదవమని తొందరపెడితే సిగ్గుపడి మరునాడు రారు. వాళ్లను ఇంగ్లీషులో ఒక వచనం చదవనిచ్చి, అదే వచనం అమ్మమ్మ తెలుగులో చదివితే సరి. ఫోన్లో బైబిలు చదివేవాళ్లు ఆ పావుగంట ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి, లేకపోతే యెషయా మధ్యలో వాట్సాప్ దిగుతుంది. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజులది కలిపి చదవొద్దు. బాకీ అనిపించిన ప్రార్థన మూడు రోజులకు మించి నిలవదు.

భార్యాభర్తల్లో ఒకరు హిందువులైన ఇళ్లు, లేదా అత్తింటివాళ్లు హిందువులైన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. వాళ్లను ప్రార్థనలో కూర్చోమని పట్టుపట్టకండి, కూర్చుంటే వాళ్ల వైపు చూస్తూ దేవుడు మీకేం చేశాడో సాక్ష్యాలు చెప్పకండి. కొవ్వొత్తి వెలిగించడం, పాటకు డప్పో కీబోర్డో అందుకోవడం వంటివి అడిగితే సంతోషంగా చేస్తారు. సంక్రాంతికి మీరు వాళ్లింట్లో ఎంతవరకు కలుస్తారో, దేనికి కలవరో కూడా ఆ నెలలోనే మర్యాదగా చెప్పుకుంటే జనవరిలో ముఖాలు మాడవు.

3. పిండివంటలు: ఒకరు వంటింట్లో, అందరూ హాల్లో ఉండకూడదు

ఇంట్లో పండుగ అందనిది సాధారణంగా వండే మనిషికే. దీనికి విరుగుడు వంట మానేయడం కాదు, నలుగురు కూర్చుని చేసే వంట ఎంచుకోవడం. అందుకు అచ్చుతో నూనెలో వేయించే గులాబీ పువ్వుల్ని మించింది లేదు. చేతులకు పని, నోటికి తీరిక.

డిసెంబరు మధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి. మైదా 4 గ్లాసులు, బియ్యప్పిండి 1 గ్లాసు, పంచదార పొడి 2 గ్లాసులు, గుడ్లు 4, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి ఒక చెంచా, నువ్వులు రెండు చెంచాలు. కొబ్బరి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి, సుమారు 4 గ్లాసులు పడతాయి. పిండి దోసెల పిండి కంటే కాస్త పలచన. ఉండలు లేకుండా బాగా గిలకొట్టి అరగంట నాననివ్వండి. వందకు పైగా వస్తాయి, అచ్చు సైజును బట్టి.

చెడేది ఎక్కువగా అచ్చు దగ్గరే. ముందు రోజు రాత్రి అచ్చును నూనెలో వేసి ఉంచాలి. పొయ్యి మీద నూనె కాగుతుండగా అచ్చునూ అందులోనే పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఎత్తి, నూనె దులిపి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి. పై అంచు దాకా మునిగితే పిండి అచ్చును మూసేసి ఇక ఊడి రాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు. మరీ కాలితే 'సుయ్' మని పిండి గిన్నెలోనే ఉడికి రాలిపోతుంది. నూనెలో పెట్టిన పది పదిహేను సెకన్లకు అంచులు వదులవుతాయి, అప్పుడు చిన్నగా ఊపితే పువ్వు జారుతుంది. జారకపోతే పుల్లతో అంచు కదపండి. రంగు త్వరగా ఎర్రబడి అతుక్కుంటుంటే పంచదార ఎక్కువైనట్టు, ఇంకో గుప్పెడు మైదా, కాసిని పాలు కలపండి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే కరకరలాడతాయి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే మర్నాటికి సాగుతాయి.

పొయ్యి దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు, వంతులు మార్చుకుంటూ. పిల్లలు నూనెకు దూరంగా, పేపరు పరిచి పేర్చడం, డజను చొప్పున డబ్బాల్లో సర్దడం, ఏ డబ్బా ఎవరికో పేరు రాయడం. రెండు మూడు గంటలు పడుతుంది. టీవీ ఆపేయండి చాలు. పెళ్లికాక ముందు అత్త చేసిన అల్లరి నుంచి ఇంటి అప్పు దాకా అన్నీ ఆ పొయ్యి దగ్గరే బయటికొస్తాయి.

ఒక జాగ్రత్త. గుడ్డు తినని ఇరుగుపొరుగు ఉంటే వాళ్ల కోసం కొంత పిండి గుడ్డు వేయకుండా వేరే గిన్నెలో కలిపి, తాజా నూనెలో ముందుగా అవే వేయించి, డబ్బా మీద రాసి పెట్టండి. కేకు కూడా అంతే. ఇచ్చేటప్పుడు 'ఇందులో గుడ్డు లేదండీ' అని నోటితో చెప్పాలి. వాళ్లంతట వాళ్లు అడగలేరు.

నిల్వను బట్టి తేదీలు వేసుకుంటే 23, 24 ఖాళీగా మిగులుతాయి. జంతికలు, గులాబీ పువ్వులు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. ఎండుకొబ్బరి కజ్జికాయలు పది రోజులు. పచ్చికొబ్బరి వాడితే రెండు రోజులే, కాబట్టి వాడకండి.

4. క్యారల్స్ రాత్రి

మీ వీధికి రాత్రి 10 అని చెప్తే ఒంటిగంటకు వస్తారు. పిల్లల్ని మామూలు వేళకే పడుకోబెట్టి, డప్పు వినిపించాక లేపండి. ఫ్లాస్కులో టీ, డిస్పోజబుల్ కప్పులు, కానుక కవరు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంటే వాళ్లకు పది నిమిషాలు కలిసొస్తుంది, చివరి ఇల్లు తెల్లారకముందే చూస్తుంది. మంచం మీద ఉన్న పెద్దవాళ్లుంటే బృందం నాయకుడికి సాయంత్రమే ఫోన్ చేసి, ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చి మంచం దగ్గర మైకు లేకుండా ఒక పాట పాడమని అడగండి. వాకిట్లో ముప్ఫై మంది పాడిన దానికంటే వాళ్లకు అదే గుర్తుంటుంది.

బృందంతో వెళ్లే కుర్రాళ్లకు: ఎన్ని రాత్రులు వెళ్తారో ముందే ఇంట్లో చెప్పండి, రెండు చాలు. వారమంతా వెళ్లినవాడు 25న నిద్రకు తప్ప దేనికీ మిగలడు. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్లకు చట్టం ఒప్పుకోదు కూడా, గొంతులు చాలు.

5. మంచాన ఉన్నవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు

నడవగలిగే పెద్దవాళ్లను అర్ధరాత్రి ఆరాధనకు తీసుకెళ్తుంటే తలుపు దగ్గర కుర్చీ, స్వెట్టరు, మంకీ క్యాపు, కళ్లజోడు, మంచినీళ్లు. బీపీ, షుగరు మాత్రల వేళ ఆలస్యం కాకూడదు, భోజనం, మాత్రలు ఇంట్లోనే ముగించి బయల్దేరండి. చర్చిలో బాత్రూము ఎక్కడుందో ముందే చూసుకోండి. చాలామంది పెద్దవాళ్లు చెప్పలేక రాము అనేది దీనివల్లే.

రాలేనివాళ్లకు ప్రభు భోజనం ఇంటి దగ్గర ఇవ్వమని అయ్యగారిని కనీసం పది రోజుల ముందు అడగండి. పల్లెల్లో ఒక్క పాస్టరుగారి కింద నాలుగైదు సంఘాలుంటాయి, 24, 25 తేదీల్లో ఆయన ఒక ఊరి నుంచి ఒక ఊరికి పరుగెడుతూనే ఉంటారు. 20 లోపు ఒక మధ్యాహ్నం అడిగితే తీరిగ్గా కూర్చుంటారు. ఆ సమయానికి పిల్లల్ని కూడా ఇంట్లో ఉంచండి.

ఆ ఏడు మనిషిని పోగొట్టుకున్న ఇంటికి 25న వెళ్లకండి, 20 నుంచి 23 మధ్య వెళ్లండి. కేకు కాదు, వండిన అన్నం కూర తీసుకెళ్లండి. 'దేవుని చిత్తం' అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. అది వాళ్లు అనుకుంటే అనుకుంటారు. పోయినవాళ్లను పేరు పెట్టి తలచుకోండి: 'బాబాయి ఉంటే ఈపాటికి స్టారు కట్టేసేవాడు' అంటే పిన్నికి మాట్లాడటానికి దారి దొరుకుతుంది. స్టారు కట్టాలా వద్దా అనేది ఆమె ఇష్టం, మీరు తేల్చొద్దు. కడదామంటే నిచ్చెన మీరు ఎక్కండి. అరగంట, ముప్పావుగంట చాలు. లేచేముందు మళ్లీ ఎప్పుడు వస్తారో తేదీ చెప్పండి.

అనాథాశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి 27 తర్వాత రమ్మంటారా అని అడగండి. 25న వాళ్ల దగ్గర కేకులు ఎక్కువై, కూర్చుని మాట్లాడే మనిషి తక్కువవుతాడు.

6. దూరదేశంలో ఉన్నవాళ్లతో ఫోన్

'వీలైనప్పుడు చేస్తాం' అంటే ఇటు నిద్రవేళ, అటు పనివేళ. 25 సాయంత్రం మన 8 గంటలకు అని ఖాయం చేసుకోండి. అప్పటికి దుబాయిలో 6:30, కువైట్‌లో 5:30, లండన్‌లో మధ్యాహ్నం 2:30, న్యూయార్క్‌లో పొద్దున 9:30, డాలస్‌లో 8:30, కాలిఫోర్నియాలో 6:30. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్లకు మాత్రం అర్ధరాత్రి దాటిపోతుంది, వాళ్లకు మన మధ్యాహ్నం 2కి చేయండి, అక్కడ రాత్రి 7:30. గల్ఫ్‌లో ఆ రోజు సెలవు ఉండదు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఫోన్ ఎప్పుడు చేతికొస్తుందో వాళ్లనే అడగండి, ఆ వేళకు మీరు మేలుకోండి.

పదిహేను మంది ఒకే వీడియో కాల్‌లో 'హాయ్, హ్యాపీ క్రిస్మస్, వినపడుతోందా' అనుకుంటే ఎవరూ మాట్లాడినట్టు కాదు. మొదటి పది నిమిషాలు అందరూ, ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన. తర్వాత ఫోన్ అమ్మ చేతికిచ్చి గది తలుపు వేసేయండి.

7. 24 సాయంత్రం నుంచి 25 రాత్రి దాకా

రెండు ఆరాధనలకూ అందరూ వెళ్లాలనుకోవడమే ఆ రోజు చేసే పెద్ద పొరపాటు. 24 రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చి, 25 పొద్దున వంట కోసం ఆగిపోయేది ఇంటి ఆడవాళ్లే. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేది ఒకటి ఎంచుకోండి, రెండోదానికి ఓపికున్నవాళ్లు వెళ్తారు.

పది మందికి కిలోన్నర మటన్, కిలోంబావు బియ్యం. మటన్ 24నే తెచ్చి, సాయంత్రం పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉల్లిపాయలూ ఆ సాయంత్రమే వేయించేయండి. గుడి నుంచి వచ్చాక గంటన్నరలో బిర్యానీ దిగుతుంది. పక్కన పెరుగు చట్నీ, ఒక తీపి, అంతే. నాలుగు రకాల కూరలు ఆ రోజు ఎవరూ అడగరు.

భోజనానికి ముందు పిల్లలు డబ్బాలు పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి రావాలి. భోజనానికి మగవాళ్లు వడ్డిస్తే వండినవాళ్లు వేడిగా తింటారు. తిన్నాక ఒక గంట ఫోన్లన్నీ బీరువాలో. ఎదిగిన పిల్లలు మొదటి పది నిమిషాలు గొణుగుతారు, పట్టించుకోకండి.

ఆ రోజు మెదక్ చర్చికి వెళ్దామనే ఆలోచన హైదరాబాదు ఇళ్లలో తరచూ వస్తుంది. కరవు రోజుల్లో ఊరివాళ్లకు పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది, కాబట్టి క్రిస్మస్ రోజు దానికి పుట్టినరోజు కూడా. ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది, లక్షల మంది వస్తారు, బండ్లు ఊరి బయటే ఆగిపోతాయి. కుర్రాళ్లయితే వెళ్లండి. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే 28, 29 తేదీల్లో వెళితే రంగుటద్దాల కిటికీల్లోని బొమ్మలు నిలబడి చూడొచ్చు, పిల్లలకు ఒక్కోటి వివరించొచ్చు.

8. 26 నుంచి 31

కాగితం మీద తేదీ దాటిపోయిన పేర్లు ఉంటే వాటికి ఈ వారమే. ముఖ్యంగా మాటలు తెగిపోయిన బాబాయి. 25న జనంలో కంటే 28న ఆయన ఇంట్లో, ఇద్దరే కూర్చుని మాట్లాడటం సులువు. ఫోన్ చేసి 'ఒకసారి టీ తాగడానికి వస్తాం బాబాయ్' అంటే చాలు, పాత గొడవ ఫోన్‌లో ఎత్తొద్దు.

ప్రార్థన పావుగంట ఆపకుండా జ్ఞానుల భాగం దాకా చదవండి. 31 రాత్రి ఆరాధనకు పిల్లల్ని మధ్యాహ్నం రెండు గంటలు పడుకోబెట్టి తీసుకెళ్లండి. కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డులు అందరూ తీసుకుని ఇంటికొచ్చాక, ఎవరి కార్డు వాళ్లు బిగ్గరగా చదివి, ఆ తర్వాతే లైట్లు ఆర్పండి.